పెట్టెలలో ప్రోగ్రాములు, వాటికొక చుక్కాని

పరీక్షాఫలితాలు వెలువడే రోజు హడావుడి ప్రతి ఇంటికీ తెలిసినదే. ముందు రోజు దాకా ఎవరూ అంతగా తొంగిచూడని ఒక ఇంటర్నెట్ పుటను ఆ రోజు ఒక్క గంటలో లక్షల మంది తెరుస్తారు. ఆ పుటను అందించే ప్రోగ్రాము ఒకే కంప్యూటరు మీద నడుస్తూ ఉంటే ఆ యంత్రం ఉక్కిరిబిక్కిరి అయి నిలిచిపోతుంది. కనుక ఒకే ప్రోగ్రాముకు అనేక ప్రతులు తీసి, వాటిని అనేక యంత్రాల మీద ఒకేసారి నడిపిస్తారు. ఇట్లా కలిసి పనిచేసే యంత్రాల సమూహానికి క్లస్టరు అని పేరు.

చిక్కులు కూడా ఇక్కడే మొదలవుతాయి. ఏ ప్రతి ఏ యంత్రం మీద నడవాలి? ఒక యంత్రం చెడిపోతే దాని మీది ప్రతుల గతి ఏమిటి? ప్రోగ్రాము మొరాయిస్తే లోపం ఎక్కడ ఉన్నదో కనిపెట్టటం ఎట్లా? ఒకచోట తయారైన ఏర్పాటును మరొకచోటి అవసరాలకు తగినట్లు మార్చుకోవటం ఎట్లా? ఈ ప్రశ్నలన్నిటికీ ఆధారమైన సూత్రం ఒకటే. అది బోధపడాలంటే ముందు పెట్టెల సంగతి తెలియాలి.

ఓడ సరకు, ప్రోగ్రాము సరకు

పూర్వం ఓడలలో సరకు ఎక్కించటమంటే పెద్ద ప్రయాస. బస్తాలు, పీపాలు, దుంగలు, బుట్టలు – ఒక్కొక్క దానిది ఒక్కొక్క ఆకారం. ఒక్కొక్క దానిని విడిగా మోయాలి, విడిగా సర్దాలి. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 ఇనుప పెట్టెలను నెవార్కు రేవు నుండి హ్యూస్టనుకు పంపించాడు. సరకు ఏదైనా సరే, పైకి కనిపించేది ఒకే తీరు పెట్టె. దానిని ఎత్తే క్రేనుకు లోపల ఏమున్నదో తెలియనక్కరలేదు. ఆ పెట్టెనే కంటెయినరు అన్నారు. ఈనాడు విశాఖపట్నం రేవులోనూ ఇవి వరుసలు తీరి కనిపిస్తాయి.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా ఇటువంటి కష్టమే ఉండేది. ప్రోగ్రాము ఒంటరిగా నడవదు. దానికి తోడుగా మరికొన్ని ప్రోగ్రాములు, గ్రంథాలయాలనబడే ఉపకరణాలు, అమరిక ఫైళ్లు కావాలి. ఇవి ఒక యంత్రంలో ఒక రకంగా, మరొక యంత్రంలో మరొక రకంగా ఉంటాయి. అందువల్ల తయారు చేసినవాని యంత్రం మీద చక్కగా నడిచిన ప్రోగ్రాము ఇంకొకచోట కదలకుండా కూర్చునేది.

దీనికి పరిష్కారం క్రమంగా రూపొందింది. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పులో ఒక ప్రోగ్రాముకు డిస్కులోని కొంత భాగమే ప్రపంచమన్నట్లు చూపించే సౌకర్యం వచ్చింది. 2002 నుండి లినక్స్‌లో ‘నేమ్‌స్పేసు’లనే అడ్డుగోడలు ఒక్కొక్కటిగా చేరాయి. ఒక గోడకు ఇవతలి ప్రోగ్రాముకు అవతలి ప్రోగ్రాము కనిపించదు. 2008లో ‘సీగ్రూపు’లు లినక్స్‌లో చేరాయి. ఏ ప్రోగ్రాము ఎంత మెమొరీ, ఎంత ప్రాసెసరు కాలం వాడుకోవచ్చునో ఇవి కొలిచి కట్టడి చేస్తాయి. గోడలు, కొలతలు సిద్ధమైన పిమ్మట 2013లో ‘డాకర్’ అనే సాధనం వచ్చి వీటినన్నిటినీ సామాన్య ప్రోగ్రామరుకు అందుబాటులోకి తెచ్చింది.

ఇక్కడ రెండు మాటలను వేరుగా గుర్తుంచుకోవాలి. ప్రోగ్రామును, దానికి కావలసిన సమస్త సామగ్రిని కలిపి కట్టిన మూట పేరు ‘ఇమేజి’. ఆ మూటను విప్పి నడిపిస్తే ఏర్పడేది ‘కంటెయినరు’. ఇమేజి అచ్చు వంటిది, కంటెయినరు ఆ అచ్చులో పోసిన బొమ్మ వంటిది. ఒక్క అచ్చుతో ఎన్ని బొమ్మలైనా పోయవచ్చు గదా! ఇమేజిలను భద్రపరచి, అడిగినవారికి అందించే గిడ్డంగిని రిజిస్ట్రీ అంటారు.

చుక్కాని పట్టేవాడు

పెట్టెలు పది ఉంటే మనిషి చూసుకోగలడు. వేలు ఉంటే చూసుకోలేడు. గూగుల్ సంస్థ తన యంత్రసమూహాలను నడపటానికి ‘బోర్గ్’ అనే వ్యవస్థను చాలాకాలం వాడింది. ఆ అనుభవంతో అక్కడి ఇంజనీర్లు మరొక వ్యవస్థను తయారు చేసి, 2014 జూన్‌లో అందరికీ ఉచితంగా బయటపెట్టారు. దాని పేరు ‘కుబర్నెటీస్’. ఈ గ్రీకు మాటకు చుక్కాని పట్టేవాడు అని అర్థం. 2015 జూలైలో దాని మొదటి పూర్తి కూర్పు వెలువడింది. ఆ తరువాత దాని నిర్వహణ గూగుల్ చేతి నుండి ఒక ఉమ్మడి సంస్థకు మారింది.

కుబర్నెటీస్ క్లస్టరులో ఒక్కొక్క యంత్రాన్ని ‘నోడ్’ అంటారు. నోడ్ మీద కంటెయినరును నేరుగా పెట్టరు. ‘పాడ్’ అనే ఒక తొడుగులో పెడతారు. ఇంగ్లీషులో పాడ్ అంటే చిక్కుడు, బఠాణీ వంటి వాటి కాయ. కాయలో ఒక గింజ ఉండవచ్చు, నాలుగు గింజలుండవచ్చు. అట్లాగే పాడ్‌లో సాధారణంగా ఒక కంటెయినరు, అవసరమైతే రెండు మూడు ఉంటాయి.

కొన్ని యంత్రాలు పెత్తనానికి ప్రత్యేకంగా ఉంటాయి. వాటిలో ఒక భాగం క్లస్టరుకు సంబంధించిన లెక్కలన్నిటినీ దాచే ఖాతా. రెండవది, ఏ పాడ్ ఏ నోడ్ మీదికి వెళ్లాలో నిర్ణయించే ‘షెడ్యూలరు’. మూడవది, జరగవలసినది జరుగుతున్నదా లేదా అని సదా కాచుకొని ఉండే ‘కంట్రోలర్ల’ వర్గం. ఇక ప్రతి నోడ్ మీద ‘కుబ్‌లెట్’ అనే ప్రతినిధి ఒకడుంటాడు. పెత్తందారు చెప్పిన పాడ్‌లను తన యంత్రం మీద నడిపించటం, వాటి యోగక్షేమాలు తిరిగి తెలియజేయటం అతని పని.

వ్రాసిన మాట, జరిగే పని

ఇప్పుడు అసలు సూత్రానికి వద్దాం. కుబర్నెటీస్‌కు ‘ఈ పని చెయ్యి, తరువాత ఆ పని చెయ్యి’ అని ఆజ్ఞలు వరుసగా ఇవ్వరు. ‘పరిస్థితి ఇట్లా ఉండాలి’ అని ఒక పత్రం వ్రాసి ఇస్తారు. ‘ఫలితాలు చూపే ప్రోగ్రాము నాలుగు ప్రతులుగా ఉండాలి. ఈ ఇమేజి వాడాలి. ప్రతి ప్రతికి ఇంత మెమొరీ ఇవ్వాలి’ – పత్రంలో ఉండేది ఇంతే. ఈ పత్రాలను ‘యామల్’ అనే సులభమైన వ్రాతపద్ధతిలో వ్రాస్తారు.

మేడ మీది నీళ్ల తొట్టిలో తేలే బంతిని చాలామంది చూసే ఉంటారు. తొట్టిలో నీరు ఎంత మట్టాన ఉండాలో బంతి అమరికలోనే ఉన్నది. నీరు తగ్గితే బంతి దిగుతుంది, కుళాయి తెరుచుకుంటుంది. నిండితే బంతి లేస్తుంది, కుళాయి మూసుకుంటుంది. నీరు ఎవరు వాడారు, ఎందుకు వాడారు అని బంతి అడగదు. ఉండవలసిన మట్టానికీ, ఉన్న మట్టానికీ తేడా ఎంత అన్నదే దానికి కావాలి. కుబర్నెటీస్ కంట్రోలరు ఖచ్చితంగా ఈ బంతి వంటిదే. నాలుగు ప్రతులు ఉండాలని వ్రాసి ఉన్నది, ఉన్నవి మూడు, కనుక ఒకటి చేర్చు. ఉన్నవి ఐదు, కనుక ఒకటి తీసివెయ్యి. ఒక నోడ్ హఠాత్తుగా ఆగిపోతే, సాధారణ ఏర్పాటులో ఐదు నిమిషాలకు పైగా వేచి చూసి, దాని మీది పాడ్‌లకు బదులు మరొకచోట కొత్తవి పుట్టిస్తుంది. అర్ధరాత్రి ఎవరినీ నిద్ర లేపనక్కరలేదు.

ఈ సూత్రంలోనే ఒక హెచ్చరిక కూడా ఇమిడి ఉన్నది. వ్యవస్థ పాటించేది మనిషి మనస్సులో అనుకున్న దానిని కాదు, పత్రంలో వ్రాసిన దానిని. వ్రాత తప్పయితే, తప్పునే ఎంతో నమ్మకంగా మళ్లీ మళ్లీ అమలు జరుపుతుంది. కనుక లోపాలు వెదకటమంటే, వ్రాసిన మాటకూ జరుగుతున్న పనికీ ఎక్కడ పొత్తు తప్పిందో వెదకటమే.

నాలుగు మజిలీలు

లోపం వచ్చినప్పుడు తొందరపడి అన్నిటినీ కదిలించటం పొరపాటు. రోగి వద్దకు వచ్చిన వైద్యుడు ముందు నాడి చూసినట్లు, ముందు పాడ్ ఏ మజిలీలో ఆగిందో చూడాలి. పుట్టిన ప్రతి పాడ్ నాలుగు మజిలీలు దాటాలి: స్థలం దొరకటం, ఇమేజి దిగటం, ప్రోగ్రాము నిలబడి నడవటం, బయటి విన్నపాలు దానికి చేరటం. ‘కుబ్‌కంట్రోల్’ అనే సాధనంతో ‘గెట్’ అన్న ఆజ్ఞ ఇస్తే పాడ్‌ల జాబితా, వాటి స్థితి కనిపిస్తాయి. ‘డిస్క్రైబ్’ అంటే ఆ పాడ్‌కు జరిగిన సంఘటనలు వరుసగా వస్తాయి. ‘లాగ్స్’ అంటే ప్రోగ్రాము తాను వ్రాసుకున్న చిట్టా కనిపిస్తుంది. సంఘటనల పట్టిక సాధారణంగా ఒక గంట మాత్రమే నిలవ ఉంటుంది కనుక దానిని వెంటనే చూడటం మంచిది.

మొదటి మజిలీ: స్థలం. పాడ్ స్థితి ‘పెండింగ్’ అని ఉండిపోతే సామాన్యంగా దానికి చోటు దొరకలేదని అర్థం. యంత్రాలు ఖాళీగానే కనిపిస్తున్నా ఇట్లా జరగవచ్చు. ఎందుకంటే షెడ్యూలరు చూసేది యంత్రం నిజంగా ఎంత వాడుకలో ఉన్నదో కాదు. పాడ్‌లు తమకు ఎంత కావాలని పత్రంలో అడిగాయో ఆ మొత్తాన్నే. ఒక చిన్న లెక్క చూడండి. మూడు నోడ్‌లున్నాయి. సొంత ఖర్చులు పోను ఒక్కొక్క దానిలో 3.5 ప్రాసెసర్ల శక్తి మిగిలింది. ప్రతి పాడ్ 1 ప్రాసెసరు కావాలని అడిగింది. అప్పుడు నోడ్‌కు మూడు చొప్పున తొమ్మిది పాడ్‌లు పడతాయి. పదవది పెండింగులో ఉండిపోతుంది. మూడుచోట్లా కలిపి ఇంకా 1.5 మిగిలే ఉన్నది గదా అనవచ్చు. కాని ఆ మిగిలినది ఒక్కొక్కచోట అర చొప్పున ఉన్నది. మూడు బస్సులలో సగం సగం సీటు ఖాళీగా ఉంటే ఒక మనిషి కూర్చోగలడా? ప్రోగ్రాము నిజంగా వాడేది 0.3 మాత్రమే అని కొలిచి తెలుసుకొంటే, పత్రంలో 0.5 అని దిద్దవచ్చు. అప్పుడు నోడ్‌కు ఏడు చొప్పున ఇరవై ఒకటి పడతాయి. కొత్త యంత్రం కొననక్కరలేదు. మెమొరీ సరిపోతున్నదో లేదో మాత్రం ఇట్లాగే లెక్క చూసుకోవాలి.

రెండవ మజిలీ: ఇమేజి. ‘ఇమేజ్ పుల్ బ్యాకాఫ్’ అని కనిపిస్తే కుబ్‌లెట్ గిడ్డంగి నుండి మూటను తెచ్చుకోలేకపోయిందని అర్థం. కారణాలు ఎక్కువగా మూడే. ఇమేజి పేరులోనో కూర్పు సంఖ్యలోనో అక్షరం తప్పి ఉండాలి. గిడ్డంగికి తాళం ఉండి, తాళపుచెవి ఇవ్వకపోయి ఉండాలి. లేదా ఆ నోడ్ నుండి గిడ్డంగికి దారి లేకపోయి ఉండాలి. వీటిలో ఏదైనదీ సంఘటనల పట్టిక స్పష్టంగా చెపుతుంది.

మూడవ మజిలీ: నడక. ఇది అన్నిటికంటె చిక్కయినది. ప్రోగ్రాము మొదలవుతుంది, పడిపోతుంది. కుబ్‌లెట్ మళ్లీ లేపుతుంది, మళ్లీ పడిపోతుంది. దీనికే ‘క్రాష్ లూప్ బ్యాకాఫ్’ అని పేరు. వెంటవెంటనే లేపుతూ ఉంటే యంత్రం శక్తి వృథా అవుతుంది కనుక, కుబ్‌లెట్ సాధారణ ఏర్పాటులో 10 సెకండ్లు ఆగి లేపుతుంది. పిమ్మట 20, 40, 80, 160 సెకండ్లు. ప్రతిసారీ రెట్టింపయ్యే ఈ వరుస గణితవిద్యార్థులకు సుపరిచితమైన గుణశ్రేఢి. ఈ ఐదు విరామాలు కలిపితే 310 సెకండ్లు. తరువాతిది 320 కావలసి ఉన్నది గాని, 300 సెకండ్లకు మించరాదని హద్దు ఉన్నది. ప్రోగ్రాము 10 నిమిషాలు నిరాటంకంగా నడిస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. లోపం దిద్దిన తరువాత కూడా పాడ్ వెంటనే లేవకపోతే కంగారు పడనక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది. విరామం గడుస్తూ ఉండవచ్చు.

పడిపోయిన ప్రోగ్రాము పోతూ పోతూ ఒక సంఖ్య విడిచిపోతుంది. 0 అయితే పని ముగించి తనంత తాను వెళ్లిందని అర్థం. 1 అయితే లోపలి తప్పు ఏదో ఉన్నది, చిట్టా చూడాలి. కొత్తగా లేచిన కంటెయినరు చిట్టా ఖాళీగా ఉంటుంది కనుక, దాని ముందటి దాని చిట్టాను ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవాలి. ఆ సంఖ్య 137 అయితే అందులో ఒక రహస్యమున్నది. బయటి నుండి వచ్చిన సంకేతం వల్ల ఆగిన ప్రోగ్రాముకు 128ని ఆ సంకేతసంఖ్యతో కూడి చెప్పటం యూనిక్స్ సంప్రదాయం. 137 నుండి 128 తీసివేస్తే 9. తొమ్మిదవ సంకేతం ‘చంపు’ అన్నది. సామాన్యంగా ఇది మెమొరీ హద్దు దాటినందుకు పడిన శిక్ష. పాడ్ వివరాలలో ‘ఓఓఎం కిల్డ్’ అన్న మాట కూడా కనిపిస్తే సందేహం తీరినట్లే.

ఇక్కడ మెమొరీకీ, ప్రాసెసరు కాలానికీ ఉన్న భేదం గమనించదగినది. ప్రాసెసరు కాలాన్ని వాయిదా వేయవచ్చు. అర ప్రాసెసరు హద్దుగా పెడితే, ప్రోగ్రాముకు ప్రతి 100 మిల్లీసెకండ్లలో 50 మాత్రమే దక్కుతాయి. ఇంకా కావాలంటే తరువాతి వంతు దాకా ఆగాలి. ప్రోగ్రాము నెమ్మదిస్తుంది గాని చావదు. మెమొరీని అట్లా వాయిదా వేయటం కుదరదు. ఒకసారి నిండిన గ్లాసులో ఇంకొక చుక్క పోయలేము గదా! అందుచేత ‘నెమ్మదిగా ఉన్నది’ అన్న ఫిర్యాదు వస్తే ప్రాసెసరు హద్దును, ‘మాటిమాటికీ పడిపోతున్నది’ అన్న ఫిర్యాదు వస్తే మెమొరీ హద్దును ముందు అనుమానించాలి.

ప్రమాణాలలో కూడా జాగ్రత్త అవసరం. పత్రంలో 128 తరువాత పెద్ద ‘ఎం’ ఒక్కటే వ్రాస్తే 12,80,00,000 బైట్లు. పెద్ద ‘ఎం’ పక్కన చిన్న ‘ఐ’ కూడా వ్రాస్తే, మిలియనుకు బదులు రెండు యొక్క ఇరవయ్యవ ఘాతం, అంటే 10,48,576 లెక్కకు వస్తుంది. అప్పుడు 13,42,17,728 బైట్లు. చిన్న ‘ఎం’ వ్రాస్తే మాత్రం దానికి వెయ్యవ వంతు అని అర్థం. 128 వెయ్యవ వంతులంటే ఒక బైటులో ఎనిమిదవ వంతుకు కాస్త ఎక్కువ! భౌతికశాస్త్రం పరీక్షలో ప్రమాణం తప్పు వ్రాస్తే ఒక మార్కు పోతుంది. ఇక్కడ ప్రోగ్రామే నడవకుండా పోతుంది.

నాలుగవ మజిలీ: చేరిక. పాడ్ నడుస్తున్నది, కాని పుట తెరిచినవారికి ఏమీ రావటం లేదు. పాడ్‌లు పుడుతూ పోతూ ఉంటాయి కనుక వాటి చిరునామాలు స్థిరంగా ఉండవు. అందుచేత వాటి ముందు ‘సర్వీసు’ అనే స్థిరమైన గుమ్మం ఒకటి పెడతారు. ఏ పాడ్‌లు తనవో సర్వీసుకు ఎట్లా తెలుస్తుంది? వాటికి తగిలించిన లేబుళ్లను బట్టి. ‘ఫలితాలు’ అన్న లేబుల్ ఉన్న పాడ్‌లకు విన్నపాలు పంపమని సర్వీసు పత్రంలో ఉండి, పాడ్‌ల మీద ‘ఫలితం’ అని ఉంటే ఒక్కటి కూడా జత కాదు. ఇందులో విచిత్రమేమిటంటే వ్యవస్థ ఎటువంటి తప్పూ చూపదు. రెండు పత్రాలూ వేటికవి సక్రమమైనవే. పొత్తు మాత్రం లేదు. సర్వీసు వెనుక ఉన్న చిరునామాల జాబితాను తెప్పించి చూస్తే అది ఖాళీగా కనిపిస్తుంది. అదే ఆనవాలు.

చేరికకు సంబంధించినదే మరొక ఏర్పాటు ఉన్నది. కుబ్‌లెట్ అప్పుడప్పుడు పాడ్‌ను రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఒకటి, ‘విన్నపాలు తీసుకోవటానికి సిద్ధమేనా?’ కాదంటే ఆ పాడ్‌కు విన్నపాలు పంపటం ఆపుతారు. రెండవది, ‘బ్రతికే ఉన్నావా?’ జవాబు రాకపోతే కంటెయినరును ఆపి మళ్లీ లేపుతారు. ఈ ప్రశ్నలు వ్రాసినప్పుడు కాలవ్యవధి చెప్పకపోతే, పదేసి సెకండ్లకు ఒకసారి అడిగి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే చర్య తీసుకుంటారు. ప్రోగ్రాము లేవటానికే నిమిషం పడుతుందనుకోండి. అరనిమిషానికే రెండవ ప్రశ్న దానిని పడగొడుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ప్రోగ్రాములో దోషం లేదు. పరీక్షించినవారి తొందరే దోషం. లేచేదాకా ఓపిక పట్టే మూడవ రకం ప్రశ్న ఒకటి ఇందుకోసమే ఉన్నది.

తగినట్లు మార్చుకోవటం

ఒకే ప్రోగ్రాము ప్రయోగశాలలో ఒక రకంగా, ప్రజలకు అందించేచోట మరొక రకంగా నడవవలసి ఉంటుంది. దాని కోసం ఇమేజిని విప్పి మార్చటం సరి కాదు. మారేవాటిని – చిరునామాలు, భాష, హద్దులు – ఇమేజి వెలుపల ‘కాన్ఫిగ్ మ్యాప్’ అనే పత్రంలో ఉంచుతారు. రహస్యపదాలకు ‘సీక్రెట్’ అనే వేరొక పత్రం ఉన్నది. దాని పేరు చూసి మోసపోరాదు. అందులోని మాటలు వేరొక లిపిలోకి మార్చబడతాయే గాని తాళం వేయబడవు; ఆ లిపి తెలిసిన ఎవరైనా చదవగలరు. తాళం వేసే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి: కాన్ఫిగ్ మ్యాప్ దిద్దినా ప్రోగ్రాము పాత పద్ధతిలోనే నడుస్తున్నదేమి? ఆ విలువలను ప్రోగ్రాము లేచేటప్పుడే ఒకసారి అందించి ఉంటే, మళ్లీ లేచేదాకా అది పాత విలువలనే పట్టుకొని ఉంటుంది. ఫైలు రూపంలో తగిలించి ఉంటే కొద్దిసేపటిలో ఫైలు మారుతుంది. కాని ఆ ఫైలును ప్రోగ్రాము మళ్లీ చదవాలి.

పత్రాలే అనేకం అయినప్పుడు వాటిని కూడా క్రమబద్ధం చేయాలి. ‘కస్టమైజ్’ అనే పద్ధతిలో మూలపత్రాన్ని తాకకుండా ఉంచి, ఒక్కొక్క చోటికి కావలసిన తేడాలను మాత్రం పలచని పొరగా దాని మీద పరుస్తారు. ‘హెల్మ్’ అనే పద్ధతిలో పత్రంలో ఖాళీలు విడిచి, వాటిని నింపే విలువలను వేరొక జాబితాలో ఇస్తారు. హెల్మ్ అన్నా చుక్కానే.

మార్పును అమలు జరపటంలో కూడా ఒక నేర్పు ఉన్నది. పాతవాటినన్నిటినీ ఒకేసారి తీసివేయకుండా కొద్దికొద్దిగా మారుస్తారు. సాధారణ ఏర్పాటులో, ఉండవలసిన సంఖ్యకు నూటికి 25 వంతుల దాకా అదనంగా ఉండవచ్చు. 25 వంతుల దాకా తగ్గవచ్చు. పది ప్రతులుంటే రెండున్నర అవుతుంది. అదనాన్ని పైకి సవరించి 3గా, తగ్గుదలను క్రిందికి సవరించి 2గా తీసుకుంటారు. కనుక మార్పు జరిగేటప్పుడు 13కు మించవు, పనిచేసేవి 8కి తగ్గవు. కొత్త పాడ్‌లు ‘సిద్ధం’ అనకపోతే మార్పు అక్కడే ఆగుతుంది. మిగిలిన పాతవి పని చేస్తూనే ఉంటాయి. పది నిమిషాలు గడిచినా ముందుకు సాగకపోతే వ్యవస్థ ఆ సంగతి ప్రకటిస్తుంది గాని తనంత తాను వెనుకకు తిప్పదు. ఆ నిర్ణయం మనిషిదే. సాధారణంగా పది పాత కూర్పులు నిలవ ఉంటాయి కనుక ఒక్క ఆజ్ఞతో వెనుకకు మరలవచ్చు.

314 నిమిషాలు

లేబుల్ తేడా ఎంత పని చేయగలదో చెప్పే నిజమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలోని ‘రెడిట్’ అనే ప్రసిద్ధ ఇంటర్నెట్ చర్చావేదిక 2023 మార్చి 14న నిలిచిపోయింది. మూడవ నెల, పద్నాలుగవ తేదీ, 3.14ను స్మరిస్తూ గణితాభిమానులు ‘పై’ దినంగా జరుపుకొనే రోజు. వేదిక ఆగినది 314 నిమిషాలు! జరిగినదంతా ఆ సంస్థ ఇంజనీర్లే తరువాత వివరంగా ప్రకటించారు.

ఆ రోజు వారు ఒక క్లస్టరును కుబర్నెటీస్ 1.23 కూర్పు నుండి 1.24కు మార్చారు. కొద్ది నిమిషాలలో అంతా ఆగిపోయింది. కారణం ఏమిటి? క్లస్టరులోని నోడ్‌లు ఏ పాడ్‌కు ఏది దారో ఒకదానికొకటి తెలుపుకోవాలి. ప్రతి నోడ్ ప్రతి నోడ్‌తోనూ మాట్లాడితే, నూరు నోడ్‌లకు 100 × 99 ÷ 2, అంటే 4,950 జతలు కావాలి. ఈ భారం తగ్గించటానికి పెద్ద క్లస్టర్లలో కొన్ని నోడ్‌లను మధ్యవర్తులుగా పెడతారు. అందరూ వాటికే చెపుతారు, వాటి నుండే వింటారు. రెడిట్ క్లస్టరులో మధ్యవర్తులను ఎంచటానికి ‘మాస్టర్’ అన్న మాట గల లేబులును ఆధారం చేసుకున్నారు. కుబర్నెటీస్ నిర్వాహకులు ఆ మాటకు బదులు ‘కంట్రోల్ ప్లేన్’ అన్న మాటను అంతకుముందే ప్రవేశపెట్టి, 1.24 కూర్పులో పాతదానిని తొలగించారు. లేబుల్ పోయింది. ఆ లేబుల్ గల నోడ్‌లే మధ్యవర్తులన్న నియమం అట్లాగే ఉన్నది. దానికి జత అయ్యే నోడ్ ఒక్కటీ లేదు. మధ్యవర్తులు లేరు కనుక దారులూ లేవు.

మధ్యవర్తుల ఏర్పాటు చాలా ఏళ్ల క్రిందట చేసినది. దానిని ఎరిగినవారు క్రమంగా వేరు వేరు పనులకు వెళ్లిపోయారు. చివరకు ఇంజనీర్లు ముందు దాచిన ప్రతి నుండి క్లస్టరును పాత కూర్పులో మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది. అట్లా నిలబెట్టే పద్ధతిని తెలిపే వ్రాతలు కూడా పాతబడి ఉన్నందున వాటిని మధ్యలో దిద్దుకొంటూ పోయారు. అసలు కారణం ఆ తరువాతి పరిశీలనలో తేలింది. గుమ్మం మీది లేబుల్ పాడ్‌తో కలవకపోవటం వంటి చిన్న సంగతే ఇక్కడ పెద్ద రూపంలో వచ్చిందన్నమాట.

దీనివల్ల తేలేదేమిటి? చేత్తో చేసిన మార్పు చేసినవాని జ్ఞాపకంలో ఉంటుంది. వ్రాసి భద్రపరచిన మార్పు అందరికీ ఉంటుంది. నడుస్తున్న క్లస్టరులో ఏదైనా చేత్తో దిద్దితే రెండు గతులే. పత్రంలో లేదు గనుక తరువాతి అమలులో చెరిగిపోతుంది. లేదా చెరగక మిగిలి, కొన్నేళ్ల తరువాత ఎవరికీ అంతుపట్టని చిక్కుగా బయటపడుతుంది. అందుచేతనే అనుభవజ్ఞులు ప్రతి మార్పునూ పత్రంలోనే చేసి, ఎందుకు చేసిందీ పక్కనే వ్రాసి, పాత కూర్పులన్నిటినీ చరిత్రగా నిలుపుతారు. నెలకొకసారైనా దాచిన ప్రతి నుండి తిరిగి నిలబెట్టే పద్ధతిని అభ్యసించటం కూడా మంచిది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఇదంతా తెలుసుకోవటానికి పెద్ద యంత్రసమూహం అక్కరలేదు. ‘మినీక్యూబ్’ అనే ఉచిత సాధనం ఒక్క కంప్యూటరులోనే చిన్న క్లస్టరును సృష్టిస్తుంది. దానికి రెండు ప్రాసెసర్లు, 2 గిగాబైట్ల ఖాళీ మెమొరీ, 20 గిగాబైట్ల డిస్కు స్థలం చాలు. ఉపాధ్యాయుడు ముందుగా ఏదైనా చిన్న ప్రోగ్రామును మూడు ప్రతులుగా నిలబెట్టి, విద్యార్థుల చేత ఈ పనులు చేయించవచ్చు.

ఒకటి: ఒక పాడ్‌ను తొలగించి, దాని స్థానంలో మరొకటి ఎంతసేపటికి పుడుతుందో గడియారంతో కొలవటం. రెండు: ఇమేజి పేరులో ఒక అక్షరం మార్చి, ఏ మజిలీలో ఆగుతుందో చూడటం, పాత ప్రతులు పని చేస్తూనే ఉన్నాయో లేదో గమనించటం. మూడు: మెమొరీ హద్దును క్రమంగా తగ్గిస్తూ, 137 అన్న సంఖ్య ఎప్పుడు కనిపిస్తుందో గుర్తించటం. నాలుగు: సర్వీసు లేబుల్ మార్చి, చిరునామాల జాబితా ఖాళీ కావటం చూసి, మళ్లీ సరిచేయటం.

ప్రతి ప్రయోగానికి ముందు ‘ఏమి జరుగుతుందనుకుంటున్నాను’ అని విద్యార్థి తన పుస్తకంలో వ్రాసుకోవాలి. తరువాత జరిగినదానిని పక్కనే వ్రాయాలి. రెంటికీ తేడా వచ్చినచోటనే నేర్చుకోవలసినది ఉంటుంది. క్లస్టరులోని కంట్రోలరు రాత్రింబవళ్లు చేసే పని కూడా ఇదే.